రాయి ముందు, పేరు తర్వాత

ఆరో తరగతి పిల్లలను మ్యూజియానికి తీసుకెళ్లే ముందు రోజు ఒక అమ్మాయి అరచేతిలో పట్టేంత పలకరాయి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. లేత పసుపు రాయి. దాని మీద నల్లగా, సన్నగా, కొమ్మలు కొమ్మలుగా విచ్చుకున్న ఆకారం. ఎవరో సూదిమొనతో ఫెర్న్ మొక్కను గీసినట్టు ఉంది. "ఇది ఏమిటి టీచర్?" అని అడిగింది. నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు. "శిలాజం! కోట్ల ఏళ్ల కిందటి ఆకు!" అన్నాను. తరగతి అంతా చప్పట్లు కొట్టింది. రాయి చేతులు మారుతూ చివరి బెంచీ దాకా వెళ్లి వచ్చింది. ఆ అమ్మాయి దాన్ని గుడ్డలో చుట్టి సంచిలో దాచుకుంది.

మరునాడు మ్యూజియంలో గాజు పెట్టెలన్నీ దాటాక చివర ఒక చిన్న గది కనిపించింది. లోపల పొడవాటి బల్ల, దాని వెనుక ఒక పెద్దాయన. "ఈ గదిలో అన్నీ ముట్టుకోవచ్చు" అన్నారు. మా అమ్మాయి గుడ్డ విప్పి రాయి ఆయన ముందు పెట్టింది. "ఆకు శిలాజమండీ, మా టీచర్ చెప్పారు." ఆయన అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఒక భూతద్దం ఆమె చేతికిచ్చి, పక్కన అసలైన ఫెర్న్ శిలాజం ఒకటి పెట్టి, "రెండూ చూసి నువ్వే చెప్పమ్మా, తొందర లేదు" అన్నారు. మిగతా పిల్లలు వేరే పళ్లేల మీదికి ఎగబడ్డారు. ఈ పిల్ల అక్కడే ఉండిపోయింది. పది నిమిషాల తర్వాత తలెత్తి చెప్పింది: "దీనికి ఈనెలు ఉన్నాయండీ. నా దానికి లేవు. ఇంకొకటి, నాది రాయి అంచు దగ్గర మొదలై లోపలికి పాకింది. ఆకు అయితే సరిగ్గా అంచు దగ్గరే ఎందుకు మొదలవుతుంది?"

నిజమే, అది ఆకు కాదు. మాంగనీసు కలిసిన నీరు రాతి పగుళ్లలోకి ఇంకినప్పుడు ఆ ఖనిజం చెట్టుకొమ్మల్లా విస్తరించి పేరుకుంటుంది. దాన్ని డెండ్రైట్ అంటారు. చూసినవాళ్లు మొక్క అని మోసపోవడం మామూలే. నేనూ మోసపోయాను. ఆ తప్పును తరగతిలో ఒప్పుకున్నాను, అది పెద్ద విషయం కాదు. నన్ను ఇప్పటికీ వదలనిది మరొక సంగతి. ముందు రోజు నేను జవాబు చెప్పగానే ఆ పిల్ల రాయిని చూడడం మానేసింది. గుడ్డలో చుట్టి దాచేసింది. రాయి తనదే, కళ్లు తనవే, కానీ చూసే అవసరం లేకుండా చేసింది నేను.

ఇలాంటిదే ఒక పాత సంగతి ఉంది. 1956లో ఇంగ్లండ్‌లోని చార్న్‌వుడ్ అడవి ప్రాంతంలో టీనా నీగస్ అనే పాఠశాల విద్యార్థిని ఒక రాతి మీద ఆకులాంటి ముద్ర చూసింది. వెళ్లి భూగోళం ఉపాధ్యాయురాలికి చెప్పింది. ఆ రాళ్లు కేంబ్రియన్ కాలం (సుమారు 54 కోట్ల ఏళ్ల కిందట మొదలైన యుగం) కంటే పాతవి, అంత పాత రాళ్లలో శిలాజాలు ఉండవు అన్నది ఆనాటి పాఠం. టీచరు ఆ పాఠమే చెప్పారు. విషయం అక్కడితో ఆగిపోయింది. మరుసటి ఏడాది అదే చోట రోజర్ మేసన్ అనే మరో విద్యార్థి ఆ ముద్రనే చూశాడు. అతను తండ్రికి చెప్పాడు. ఆ తండ్రికి ట్రెవర్ ఫోర్డ్ అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త తెలుసు. ఫోర్డ్ వచ్చి చూశారు. 1958లో ఆ జీవికి చార్నియా మేసొనీ అనే పేరుతో శాస్త్రలోకంలో చోటు దొరికింది. దాదాపు 56 కోట్ల సంవత్సరాల నాటి సముద్ర జీవి అది. కేంబ్రియన్‌కు ముందు కంటికి కనిపించేంత పెద్ద జీవులు ఉండేవా అన్న వాదనను తేల్చిన రాయి అది. టీనా ముందే చూసిందన్న విషయం చాలా ఏళ్ల తర్వాత గానీ బయటివాళ్లకు తెలియలేదు.

ఆ టీచరు "కాదు" అన్నారు, నేను "అవును" అన్నాను. ఇద్దరమూ చేసింది ఒకటే. రాయి కంటే ముందు జవాబును పిల్ల ముందు పెట్టాం.

అందుకే మ్యూజియాల్లో "ముట్టుకుని నేర్చుకోవడం" గురించి ఎవరు మాట్లాడినా నా మనసు వెంటనే ఒక ప్రశ్న వేస్తుంది. ముట్టుకునే ముందు ఆ బిడ్డకు ఎంత చెప్పేశారు? ముట్టుకోవడం మంచిదే. అయితే చెయ్యి తగిలినంత మాత్రాన చదువు రాదు. ఆ చెయ్యి ఏదో ఒకటి తేల్చాలి. తేల్చేటప్పుడు తప్పు పడే వీలు కూడా ఉండాలి. ఈ రెండూ లేని చోట పిల్లవాడి చేతికి దొరికేది కాలక్షేపం మాత్రమే.

చెయ్యి ఎంత తెలివైనదో మనం పట్టించుకోం. 1987లో సూసన్ లెడర్‌మన్, రాబర్టా క్లాట్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, చూడకుండా చేత్తో వస్తువును తెలుసుకునేటప్పుడు వేళ్లు ఏం చేస్తాయో నిశితంగా గమనించారు. గరుకుదనం తెలియాలంటే వేలు అటూ ఇటూ రాస్తాం. గట్టిదనం కోసం నొక్కుతాం. బరువు కోసం పైకెత్తి పట్టుకుంటాం. చల్లదనం కోసం వేలు కదపకుండా ఆనిస్తాం. మొత్తం ఆకారం కోసం గుప్పిట మూస్తాం, అంచుల వివరం కోసం చుట్టూ వేలు నడిపిస్తాం. ఏ ప్రశ్నకు ఏ కదలికో చేతికి ముందే తెలుసు. ఒక్కో కదలికా ఒక్కో ప్రశ్న అన్నమాట. గాజు వెనుక ఉన్న ఎముక ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు ఇవ్వదు. చూపు లేని పిల్లలకైతే ఆ గాజు పెట్టె గోడతో సమానం. వాళ్ల సంగతి ఒక్కటి చాలు, ముట్టుకునే బల్ల అదనపు హంగు కాదనడానికి.

ఆ చిన్న గదిలో ఒక పళ్లెంలో మూడు పళ్లు ఉన్నాయి. అసలువి కాదు, పోతపోసిన నకళ్లు. ఏ జంతువువో ఎక్కడా రాసి లేదు. ఒకటి వంకర తిరిగి, కత్తిలా ఉంది. రెండోది పెన్సిలు ముక్కలా సన్నగా, నిటారుగా ఉంది. మూడోది వెడల్పుగా, ఆకు ఆకారంలో ఉంది. తరగతిలో నోరు విప్పని ఒక పిల్ల మొదటి పన్ను అంచు మీద బొటనవేలు నడిపి, "రంపంలా ఉంది టీచర్" అంది. పక్కనున్న అబ్బాయి వెంటనే, "రంపంతో చెట్లు కోస్తారు కదా, అయితే ఇది చెట్లు తినే జంతువుది" అన్నాడు. నా నాలుక మీదికి జవాబు వచ్చేసింది. పెద్దాయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. ఆగాను.

ఆ ఆగడం వల్ల ఏం జరిగిందో చెబుతాను. ఆ పిల్ల పన్నును తన అరచేతికి ఆనించి లాగింది. "కర్రను కోయాలంటే రంపాన్ని ముందుకూ వెనక్కూ ఆడించాలి. ఇది వెనక్కి వంగి ఉంది. లోపలికి లాగడానికే పనికొస్తుంది" అంది. మరొకడు పెన్సిలు పన్నును పట్టుకుని దాంతో ఏదీ నమలలేమని తేల్చాడు. మరి దేనికి? దువ్వెనలా ఆకులు దూయడానికి కావచ్చని ఇంకొకరు అన్నారు. అప్పుడు పెద్దాయన పళ్లెం కింద నుంచి దవడల బొమ్మలు తీశారు. డిప్లొడోకస్ అనే డైనోసార్ నోట్లో ఆ పెన్సిలు పళ్లు ముందు వైపున మాత్రమే వరుసగా ఉన్నాయి, వెనుక నమిలే పళ్లే లేవు. ఊడిన పాలపన్ను సందు చూపిస్తూ ఒక అబ్బాయి అడిగాడు: "దీని పళ్లు కూడా ఊడి మళ్లీ వచ్చేవా?" వచ్చేవి. పన్నులో పేరుకునే సన్నని పొరలను లెక్కపెట్టి, డిప్లొడోకస్‌కు ఒక్కో చోట దాదాపు 35 రోజులకు ఒక కొత్త పన్ను వచ్చేదని 2013లో శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. ఆ సంఖ్య విన్న అబ్బాయి ముఖం నాకు ఇంకా గుర్తుంది. అదే సంఖ్యను పాఠంగా చెప్పి ఉంటే నోటుపుస్తకంలో ఒక గీత కింద పడి ఉండేది. అతను అడిగాడు కాబట్టి అది అతనిదైంది.

జవాబు ముందే చెబితే పిల్లల చెయ్యి ఎలా ఆగిపోతుందో చూపిన ప్రయోగం ఒకటి ఉంది. ఎలిజబెత్ బోనవిట్జ్, లారా షుల్జ్, వారి సహచరులు 2011లో ప్రచురించారు. చిన్నపిల్లల ముందు ఒక కొత్త బొమ్మ పెట్టారు. అందులో నాలుగు తమాషాలు దాగి ఉన్నాయి. ఒక చోట లాగితే కీచుమంటుంది, ఒక చోట దీపం, ఒక చోట సంగీతం, ఒక చోట అద్దం. కొందరు పిల్లలకు "ఇదిగో, ఇది ఇలా పని చేస్తుంది" అని ఆ కీచుశబ్దాన్ని పాఠంలా చూపించారు. మిగతావారికి అలా నేర్పలేదు. నేర్పించుకున్న పిల్లలు ఎక్కువగా ఆ ఒక్క చోటే ఆగిపోయారు, మిగతా తమాషాలను తక్కువగా కనుక్కున్నారు. పిల్లలు మొద్దులై కాదు. "పెద్దవాళ్లు చూపింది ఇంతే కాబట్టి ఇందులో ఉన్నదీ ఇంతే" అని తెలివిగానే అనుకున్నారు. మ్యూజియంలో గైడు గడగడా అప్పజెప్పే ప్రతి వాక్యమూ పిల్లలకు అలాంటి సూచనే.

ఇక "ముట్టుకోవచ్చు" అనే బోర్డు పెట్టినవన్నీ ముట్టుకోవడం కాదు. ఈ మాట కాస్త కటువుగానే చెప్పాలి. మీట నొక్కితే డైనోసార్ గర్జిస్తుంది. ఆ గర్జన ఎక్కడిది? గొంతులోని మెత్తని భాగాలు రాయిలో నిలవడం చాలా అరుదు. ఆ జంతువు ఎలా అరిచేదో చెప్పే సాక్ష్యం ఆ మీట వెనుక లేదు. పిల్లవాడి వేలు నొక్కింది మీటను, నేర్చుకున్నది మీట నొక్కడాన్ని. తెర మీద వేలితో తిప్పే ఎముకకు బరువు లేదు, గరుకు లేదు, చలి లేదు. పైన చెప్పిన ఆరు కదలికలకూ తెర ఇచ్చే సమాధానం ఒకటే, నున్నటి గాజు.

ఇసుక తొట్టెల మీద నాకు మరీ కోపం. ఇసుకలో ప్లాస్టిక్ ఎముకలు పాతిపెట్టి బ్రష్షులిచ్చి తవ్వమంటారు. పిల్లలు అయిదు నిమిషాల్లో మొత్తం అస్థిపంజరాన్ని బయటికి లాగేస్తారు. సంతోషిస్తారు, నిజమే. కానీ వాళ్లకు అంటిన అబద్ధాలు చూడండి. శిలాజాలు వదులు ఇసుకలో ఉంటాయని, జంతువు ఏ లోటూ లేకుండా దొరుకుతుందని, తవ్వి తీయడమే అసలు పని అని. నిజానికి చాలావరకు శిలాజాలు గట్టిపడిన రాతిలో ఉంటాయి. ఎముకలు విరిగి, నీటికి కొట్టుకుపోయి, చెల్లాచెదురై, సగానికి సగం లేకుండా దొరుకుతాయి. తవ్వేవాళ్లు ఒక్కో ముక్కను కదిపే ముందు అది ఎక్కడ, ఏ పొరలో, ఏ దిక్కుగా పడి ఉందో గీసుకుంటారు. ఆ తర్వాత గుడ్డపీలికలను ప్లాస్టర్‌లో ముంచి, విరిగిన కాలికి కట్టు కట్టినట్టు ఎముకకూ చుట్టూ ఉన్న రాతికీ కలిపి కట్టు కట్టి ఎత్తుతారు. ప్రయోగశాలలో ఆ రాతిని సన్నని పనిముట్లతో ఒలవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడతాయి. ముక్క ఎక్కడ పడి ఉందో రాసుకోకుండా లాగేస్తే సగం సాక్ష్యం పోయినట్టే.

ఇసుక తొట్టె వద్దని అనను. దాని మీద దారాలతో గళ్లు కట్టండి. ప్రతి గడికీ ఒక కాగితం ఇవ్వండి. తీసే ముందు గీయాలన్న నియమం పెట్టండి. రెండు జంతువుల ముక్కలు కలిపి పాతండి, కొన్ని ముక్కలు అసలు పాతకండి. తవ్వకం అయ్యాక కాగితాలన్నీ నేల మీద పరిచి చూడమనండి. మేము బడిలో ఇలా చేసినప్పుడు తవ్వకం అరగంటలో అయిపోయింది. వాదన మాత్రం గంటన్నర నడిచింది. పెద్ద జంతువు చిన్నదాన్ని తిన్నదా, రెండూ ఒకే వరదలో పోయాయా, అసలు వేర్వేరు కాలాలవా? ఇంటికి వెళ్లే గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

తప్పు పడే వీలు ఉండాలని ఎందుకు అన్నానంటే, ఈ శాస్త్రం నడిచి వచ్చిన దారే అది. 1820లలో ఇంగ్లండ్‌లో గిడియన్ మాంటెల్‌కు ఇగ్వానొడాన్ అనే డైనోసార్ ఎముకలు కొన్ని దొరికాయి. వాటిలో శంకువు ఆకారపు ఎముక ఒకటి ఉంది. ఖడ్గమృగం గుర్తొచ్చి ఆయన దాన్ని ముక్కు మీద కొమ్ముగా పెట్టాడు. 1854లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ తోటలో బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్ నిలబెట్టిన భారీ విగ్రహాల్లోనూ ఆ కొమ్ము ముక్కు మీదే ఉంది. 1878లో బెల్జియంలోని బెర్నిస్సార్ బొగ్గుగనిలో, 300 మీటర్లకు పైగా లోతున, ఇగ్వానొడాన్ అస్థిపంజరాలు గుంపుగా బయటపడ్డాయి. ఎముకలు ఎక్కడివక్కడే ఉన్నాయి. చూస్తే ఆ "కొమ్ము" ఒకటి కాదు, రెండు. చేతికొకటి. బొటనవేలి ముల్లు! లండన్ తోటలో ఆ విగ్రహాలు నేటికీ ముక్కు మీద కొమ్ముతోనే నిలబడి ఉన్నాయి. వాటిని సరిదిద్దకుండా ఉంచినందుకు నాకు సంతోషం. తెలివైన, నిజాయితీగల మనుషులు చేతిలో ఉన్న సాక్ష్యంతో ఎంత దూరం వెళ్లగలరో, ఎక్కడ పొరబడగలరో పిల్లలకు చూపడానికి అంతకు మించిన వస్తువు లేదు.

ఓవిరాప్టర్ అనే డైనోసార్ కథ ఇంకా బాధాకరం. 1923లో మంగోలియాలో గుడ్ల గూడు పక్కన దొరికింది. అవి వేరే డైనోసార్ గుడ్లని అనుకున్నారు. మరుసటి ఏడాది దీనికి "గుడ్ల దొంగ" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. 1993లో అదే రకం గుడ్డులో ఓవిరాప్టర్ కుటుంబానికి చెందిన జంతువు పిండం కనిపించింది. అదే కుటుంబానికి చెందిన జంతువు గూటి మీద రెక్కలు కప్పినట్టు చేతులు చాచి కూర్చున్న శిలాజమూ దొరికింది. దొంగ అనుకున్నది దాని గూడునే కాచుకుని ఉండవచ్చు. పేరు మాత్రం నియమాల ప్రకారం అలాగే ఉండిపోయింది. ఈ కథ చెప్పాక ఒక అమ్మాయి కోపంగా, "మరి దానికి క్షమాపణ ఎవరు చెప్పాలి?" అంది. నేను ఏమీ చెప్పలేకపోయాను.

ఇలాంటి తప్పులను మ్యూజియాలు చిన్న అక్షరాల్లో దాచకుండా పిల్లల ముందు పెట్టాలి. ఇగ్వానొడాన్ ఎముకల నకళ్లు ఓ పది బల్ల మీద పోసి, "మాంటెల్‌కు దొరికినవి ఇవి, మీరైతే ఏం చేసేవాళ్లు?" అని అడిగి వదిలేయాలి. ఎక్కువమంది ముక్కు మీదే పెడతారు. అప్పుడు మిగతా ఎముకలు ఇవ్వాలి. తాము పెట్టిన కొమ్మును తామే తీసి చేతికి తగిలించే ఆ క్షణం కోసం నేను ఎంత దూరమైనా పిల్లలను వెంటబెట్టుకుని వెళతాను.

అన్నిటికీ వస్తువులే అక్కర్లేదు, ఒంటితో కూడా నేర్చుకోవచ్చు. తెలుగులో మనం డైనోసార్‌ను రాక్షసబల్లి అంటాం. 1842లో రిచర్డ్ ఓవెన్ పెట్టిన పేరుకు అర్థం కూడా దాదాపు అదే, భయంకరమైన బల్లి. ఆ పేరు వినగానే పిల్లల కళ్ల ముందు గోడ మీది బల్లి మెదులుతుంది. అప్పుడు వాళ్లను నేల మీద చేతులూ కాళ్లూ ఆనించి, మోచేతులు పక్కలకు విరిచి, బల్లిలా నిలబడమంటాను. అర నిమిషానికి చేతులు వణుకుతాయి. తర్వాత చేతులు భుజాల కింద నిటారుగా పెట్టమంటాను. ఎంతసేపైనా ఉండగలరు. డైనోసార్ల కాళ్లు ఒంటి కింద స్తంభాల్లా నిలువుగా ఉండేవని, టన్నుల బరువు మోయడానికి ఆ అమరిక ఎందుకు కావాలో ఇక ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. కిటికీ మీద వాలిన పావురం కాళ్లు ఎటు ఉన్నాయో చూసి మిగతాది వాళ్లే అనుకుంటారు.

అడుగుజాడలది మరో ఆట. 1976లో మెక్‌నీల్ అలెగ్జాండర్ అనే జంతుశాస్త్రవేత్త ఒక దారి చూపాడు. ఒకే పాదం రెండుసార్లు నేల తాకిన చోట్ల మధ్య దూరం అంగ. ఆ అంగను తుంటి ఎత్తుతో పోల్చితే జంతువు నడిచిందో పరిగెత్తిందో అంచనా వేయవచ్చు. తుంటి ఎత్తు తెలియకపోతే పాదముద్ర పొడవుకు సుమారు నాలుగు రెట్లు అనుకోవచ్చు. అంగ తుంటి ఎత్తుకు రెండు రెట్ల లోపు అయితే నడక, మూడు రెట్ల దగ్గరికి వస్తే పరుగు. మేము వరండాలో తడికాళ్లతో నడిచి, పరిగెత్తి, టేపుతో కొలిచాం. ఒక అబ్బాయి తన తుంటినీ పాదాన్నీ కొలుచుకుని లేచాడు. "టీచర్, నాకు నాలుగు రెట్లు రావడం లేదు. మరి డైనోసార్‌కు వస్తుందని ఎలా నమ్మాలి?" అన్నాడు. మనం మడమతో సహా పాదం మొత్తం ఆనిస్తాం. రెండు కాళ్ల డైనోసార్లు వేళ్ల మీద నడిచేవి, మడమ గాలిలో ఉండేది. అందుకే లెక్క వేరు. ఇంత చెప్పినా అతను పూర్తిగా ఒప్పుకోలేదు. "అన్ని డైనోసార్లకూ ఒకే నాలుగు ఎలా?" అన్నాడు. పరిశోధకులు నేటికీ వాదించుకునే చోటికే ఆ పిల్లవాడు ఒక టేపు పట్టుకుని చేరాడు.

కాలం మాత్రం చేతికి దొరకదు. 6.6 కోట్ల ఏళ్లు అన్నా 660 కోట్ల ఏళ్లు అన్నా పిల్లల ముఖాల్లో తేడా కనిపించదు, పెద్దల ముఖాల్లోనూ అంతే. అందుకే 46 మీటర్ల తాడు తీసుకుంటాను. భూమి వయసు సుమారు 460 కోట్ల సంవత్సరాలు. మీటరుకు పది కోట్లు, సెంటీమీటరుకు పది లక్షలు, మిల్లీమీటరుకు ఒక లక్ష. ఈ చివర ఈ రోజు. ఇక్కడి నుంచి 66 సెంటీమీటర్ల దగ్గర ఒక ముడి, పక్షులు కాని డైనోసార్లు అంతరించింది అక్కడ. టైరనోసారస్ ఉండేది ఆ ముడికి ఆనుకునే. స్టెగోసారస్ కోసం మీటరున్నర వెళ్లాలి. ఆ ఇద్దరినీ పోట్లాడుకుంటున్నట్టు గీసే పిల్లలు ఇక్కడ ఆగి, వేళ్లతో కొలుస్తారు. టైరనోసారస్ స్టెగోసారస్‌కు కంటే మనకే దగ్గర! ట్రైలోబైట్లు అనే పురాతన సముద్ర జీవులు మొదలైనది అయిదు మీటర్లు దాటాక. కచ్చితంగా గుర్తించిన తొలి జీవుల జాడలు 35 మీటర్ల దగ్గర. ఇటు చివర మన మనుషుల జాతి మొత్తం 3 మిల్లీమీటర్లు. రాత పుట్టి సుమారు 5000 ఏళ్లు. తాడు మీద అది ఒక వెంట్రుక మందం.

పోయినసారి తాడు అవతలి కొస పట్టుకున్న పిల్ల అక్కడి నుంచి, "టీచర్, ఇక్కడ ఎవరూ లేరు, ఏమీ లేదు!" అని అరిచింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు గానీ ఆమె నవ్వలేదు. తాడు వెంబడి నడుచుకుంటూ, ప్రతి ముడి దగ్గరా ఆగుతూ మా దగ్గరికి వచ్చింది. చాలాసేపు మాట్లాడలేదు.

అసలు శిలాజాలను పిల్లలు తడిమితే పాడవుతాయి కదా అని మ్యూజియం వాళ్లు అంటారు. న్యాయమైన భయమే. చేతి చెమట, జిడ్డు, జారిపడే ముక్క, ఇవన్నీ నిజం. ప్రపంచంలో ఒక్కటే ఉన్న నమూనాను ఆరో తరగతి చేతుల్లో పెట్టమని నేను అడగను. కానీ అమ్మొనైట్లు (చుట్ట తిరిగిన గుల్లలున్న పాత సముద్ర జీవులు), సొరచేప పళ్లు, రాయిగా మారిన చెక్క లెక్కలేనన్ని దొరికాయి. ఒక సొరచేప జీవితకాలంలో వేల పళ్లు రాలుస్తుంది. అలాంటి వాటిలో కొన్నిటిని అరిగిపోవడానికే కేటాయించవచ్చు. మిగతా వాటికి నకళ్లు చాలు. లండన్ సహజ చరిత్ర మ్యూజియంలో 1905లో నిలబెట్టిన ప్రసిద్ధ డిప్లొడోకస్, 26 మీటర్ల పొడవున్నది, పూర్తిగా ప్లాస్టర్ నకలే. దాన్ని చూసి ఎన్ని తరాల పిల్లలు పులకించారో! అయితే ఒక్క షరతు. ఇది నకలు అని పిల్లలకు చెప్పి తీరాలి. "ఇది నిజమైనదేనా?" అన్నది వాళ్లు వేసే మొదటి ప్రశ్న, చాలా మంచి ప్రశ్న. దానికి తప్పించుకునే జవాబు ఇస్తే ఆ తర్వాత మనం చెప్పేది ఏదీ నమ్మక్కర్లేదు.

మ్యూజియానికి రాలేని బడుల సంగతి కూడా కొత్తదేమీ కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో 1905లోనే బడుల కోసం ఒక విద్యా మ్యూజియం పెట్టి, వస్తువులను గుర్రపు బండ్లలో తరగతులకు పంపేవారు. పెట్టెలో పది వస్తువులు, ఒక భూతద్దం చాలు. వివరాల కాగితం మాత్రం వేరే కవరులో, అతికించి పంపాలి.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం నాలాంటి ఉపాధ్యాయులదే. సిలబస్ ఉంది, నలభై అయిదు మంది ఉన్నారు, బస్సు మూడింటికి బయలుదేరుతుంది. అందుకే ప్రశ్నల కాగితం ఇచ్చి, ఖాళీలు పూరించమని తరుముతాం. పిల్లలు వస్తువుల వైపు చూడరు, పక్కనున్న బోర్డుల్లో ఖాళీలకు సరిపోయే మాటలు వెతుకుతారు. పెద్ద పిల్లలైతే ఫోనుతో బోర్డును ఫోటో తీసుకుని ముందుకు పోతారు. లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో, మ్యూజియంలో వస్తువులను ఫోటో తీసినవారు, ఊరికే చూసినవారి కంటే తక్కువ గుర్తుపెట్టుకున్నారు. కానీ వస్తువులో ఒక భాగాన్ని దగ్గరగా చేసి తీసినవారికి ఆ నష్టం కనిపించలేదు. ఏదో ఒక చోట ఆగి చూశారు కాబట్టి అయి ఉంటుందని నేను అనుకుంటాను.

నేను ఇప్పుడు ప్రశ్నల కాగితం ఇవ్వను. ఒక్కొక్కరికి ఒక ఖాళీ కార్డు ఇస్తాను. మ్యూజియం మొత్తంలో ఒక్క వస్తువు ఎంచుకోవాలి, పదిహేను నిమిషాలు దాని దగ్గరే ఉండాలి, బోర్డు చదవకముందే ఒక బొమ్మ గీసి ఒక ప్రశ్న రాయాలి. మిగతా గదులు చూడకపోయినా ఫర్వాలేదు. తల్లిదండ్రుల్లో కొందరు, "అంత దూరం తీసుకెళ్లి ఒక్కటే చూపించారా?" అని అడిగారు. అవును, ఒక్కటే. ఇంట్లో ఆ ఒక్కదాని గురించి వాళ్లు ఎంతసేపు మాట్లాడారో కూడా ఆ తల్లిదండ్రులే చెప్పారు.

ఆ పలకరాయిని మా అమ్మాయి ఏడో తరగతికి వెళ్లేటప్పుడు నా దగ్గరే వదిలి వెళ్లింది. కిటికీ గట్టు మీద పెట్టాను, పేరు రాయలేదు. ఈ ఏడాది పిల్లల్లో సగం మంది అది ఆకే అంటున్నారు. ఒకరు మెరుపు అన్నారు. నిన్న ఒక అబ్బాయి చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇది నది, ఉపనదులన్నీ అంచు దగ్గర కలుస్తున్నాయి, కావాలంటే చూడండి అన్నాడు. భూతద్దం ఎక్కడుందో చెప్పాను.